‘పడదు’ అన్న ఒక్క మాటలో ఎన్ని జబ్బులు?
ఎలర్జీలు, ఆటో ఇమ్యూన్ సమస్యలపై పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట చుట్టూ తిరిగాయి: ‘పడదు’. పల్లీ పడదేమో, గోధుమ పడదట, పొలం గాలి పడటం లేదు. లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడిచేసే ఆటో ఇమ్యూన్ జబ్బుల్లో ఒకటి) ఉన్న ఒకావిడ మాటగా భర్త రాసింది చూడండి: ‘నా ఒళ్లే నాకు పడట్లేదు’. ఆ జబ్బును అంతకంటే బాగా చెప్పడం డాక్టర్లకూ కష్టమే. చిక్కల్లా ఎక్కడంటే, వాడుకలో మాట ఒకటే అయినా లోపల జరిగేది ఒకటి కాదు. నిమిషాల్లో దద్దుర్లెక్కించేది ఒకటి, రెండు రోజులకు గానీ తేలనిది ఒకటి, ఏళ్ల తరబడి కీళ్లనో కిడ్నీనో తినేసేది ఇంకొకటి. దేని పరీక్ష దానిదే, దేని మందు దానిదే.

ప్రశ్న: బాబుకు ఆరో నెల నిండింది, అన్నప్రాశన చేశాం. బుగ్గల మీద, మోచేతుల మడతల్లో ఎగ్జిమా ఉంది. మూడేళ్లదాకా పల్లీ ముట్టించొద్దని మా అత్తగారు. ఇప్పుడే పెట్టమని డాలస్‌లో ఉన్న మా అక్క. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి, అనంతపురం

మీ అక్కగారి మాటే. అయితే అత్తగారు కూడా ఊరికే అనలేదు. ఎలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లదాకా పల్లీ వద్దని 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘమే చెప్పింది. 2008లో ఆ మాట వెనక్కి తీసుకుంది. లండన్‌లో పెరిగే యూదుల పిల్లల్లో పల్లీ ఎలర్జీ ఇజ్రాయెల్‌లో పెరిగే యూదుల పిల్లల్లో కంటే పదింతలు ఉందని ఆ ఏడాదే తేలింది. ఇజ్రాయెల్ పిల్లలు ఏడాది నిండకముందే ‘బాంబా’ అనే పల్లీ చిరుతిండి తింటారు, లండన్ పిల్లలు తినరు. ఈ తేడా చూసి ఎలర్జీ పరిశోధకుడు గిడియన్ లాక్ బృందం లండన్‌లో 640 మంది పసివాళ్లను తీసుకుంది. అందరూ 4 నుంచి 11 నెలల వాళ్లు, అందరికీ తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు ఎలర్జీ గానీ ఉన్నవాళ్లు. సగం మందికి పల్లీ పెట్టారు, సగం మందికి మాన్పించారు. ఐదేళ్లు నిండేసరికి మాన్పించిన వాళ్లలో 17.2 శాతం మందికి పల్లీ ఎలర్జీ, తిన్నవాళ్లలో 3.2 శాతం మందికే. ఇది 2015లో వచ్చింది. 2017లో అమెరికా మార్గదర్శకాలు మారాయి, ఆ తర్వాత అక్కడి చిన్నపిల్లల్లో పల్లీ ఎలర్జీ 40 శాతానికి పైగా తగ్గినట్టు 2025లో లెక్క తేలింది.

ఎందుకిలా అంటే, పల్లీ ప్రొటీన్ ఒంటికి ఏ దారిలో పరిచయమైందన్నదే ముఖ్యం. పొట్ట దారిన వస్తే చుట్టం, పగిలిన చర్మం దారిన వస్తే దొంగ. ఎగ్జిమా ఉన్న చర్మం పగిలిన గోడ లాంటిది. ఇక్కడ మన ఇళ్లలో చూసుకోవలసినవి రెండున్నాయి. ఒకటి నూనె. వేరుశనగ నూనె కలిసిన పూతలు రాసిన పసివాళ్లలో పల్లీ ఎలర్జీ ఎక్కువని 2003లోనే బ్రిటన్ పరిశీలనలో కనిపించింది. గానుగ నూనె మంచిదే, కూరలోకి. ఎగ్జిమా ఉన్న బిడ్డ ఒంటికి మాత్రం పట్టించకండి. ఆలివ్ నూనె చర్మం పైపొరను ఇంకా వదులు చేస్తుంది, అదీ వద్దు. కొబ్బరి నూనె ఫర్వాలేదు. రెండోది సున్నిపిండి. నలుగు పెట్టి రుద్దితే పగిలిన చర్మం మరింత పగులుతుంది. పైగా పెసర, శనగ ప్రొటీన్లను ఆ పగుళ్లలోకి మనమే పంపినట్టు. చర్మం నున్నబడే దాకా నలుగు ఆపండి. గోరువెచ్చని నీళ్లు పోసి, తుండుతో అద్ది, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి.

ఇక పెట్టే పద్ధతి. ఎగ్జిమా కొద్దిగానే ఉంటే ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఒళ్లంతా ఉండి స్టెరాయిడ్ పూతలు తరచూ వాడాల్సి వస్తున్నా, గుడ్డు తిని దద్దుర్లు వచ్చి ఉన్నా ముందు డాక్టరుకు చూపించి పల్లీకి ఐజీఈ (ఎలర్జీ తెచ్చే యాంటీబాడీ) రక్తపరీక్షో, చర్మం మీద సూదిమొన పరీక్షో చేయించండి. ముప్పు లేదని చెప్పాక, బిడ్డకు జలుబు, జ్వరం లేని రోజు చూసుకుని పగటిపూట మొదలుపెట్టండి. పల్లీలు వేయించి పొట్టు తీసి, పలుకు తగలనంత మెత్తగా పొడి చేయాలి. రెండున్నర టీ చెంచాల పొడి అంటే సుమారు 8 గ్రాములు, అందులో 2 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. దాన్ని పలచని రాగిజావలోనో అరటిపండు గుజ్జులోనో కలపండి. ముందు చెంచా మొనతో కొద్దిగా నాకించి పది నిమిషాలు ఆగండి. ఏమీ కాకపోతే మిగతాది మామూలుగా తినిపించండి. తర్వాత రెండు గంటలు కనిపెట్టుకుని ఉండాలి. పెదవుల చుట్టూ కాస్త ఎర్రబడటం చాలామంది పిల్లల్లో ఉంటుంది, అది తగిలిన చోటి మంట మాత్రమే. దద్దుర్లు ఒంటి మీదకు పాకడం, వాంతులు, గొంతు బొంగురుపోవడం, బిడ్డ ఉన్నట్టుండి సోలిపోవడం ఇవి ఎలర్జీ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆ మోతాదు వారానికి మూడుసార్లు, అంటే వారానికి 6 గ్రాముల ప్రొటీన్. లండన్‌లో పెట్టిందీ అంతే. ఎక్కువమంది తప్పేది ఇక్కడే: నాలుగుసార్లు పెట్టి, పడిందని నిర్ధారణ చేసుకుని మానేస్తారు. ఇది పరీక్ష కాదు, అలవాటు. ఆ పిల్లలు ఐదేళ్లు నిండేదాకా తిన్నారు. గింజలు, చిక్కీ మాత్రం నాలుగైదేళ్లు వచ్చేదాకా వద్దు, గొంతుకు అడ్డం పడతాయి. అది ఎలర్జీ కంటే పెద్ద ప్రమాదం.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు, వ్యవసాయం. ఏటా వానలు మొదలయ్యాక కనురెప్పలు, మెడ, మోచేతుల మడతలు దురద పెట్టి, రసి కారి, నల్లగా దళసరి కడతాయి. సెట్రిజిన్ వేసుకుంటే నిద్ర వస్తుంది తప్ప లాభం లేదు. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి మళ్లీ వస్తోంది. – ఒక రైతు, నారాయణపేట జిల్లా

మీ గట్ల మీద, బాట పక్కన తెల్లపూల వయ్యారిభామ ఉందేమో చూడండి. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. 1950లలో పుణె దగ్గర గుర్తించిన ఈ మొక్క దిగుమతి గోధుమలతో వచ్చిందని చెబుతారు. ఇప్పుడు అది లేని మండలం లేదు. మీరు రాసిన చోట్లే ఆనవాలు చెబుతున్నాయి. ఎండ వల్ల వచ్చే మచ్చలైతే పై కనురెప్పలు, చెవుల వెనక, గడ్డం కింది నీడ భాగాలు బాగానే ఉంటాయి. గాలిలో ఎగిరే మొక్క పొడి ఆ మూలల్లోనే కూర్చుంటుంది. చెమట పట్టే మడతల్లో ఇంకా ఎక్కువ. అద్దం ముందు గడ్డం పైకెత్తి చూసుకోండి, అక్కడా ఉంటే అనుమానం బలపడినట్టే.

సెట్రిజిన్ ఎందుకు పని చేయలేదంటే, ఇది హిస్టమిన్ వల్ల వచ్చే దద్దురు కాదు. ఆకులో, పూలలో ఉండే పార్థెనిన్ అనే రసాయనాన్ని టి-కణాలు అనే రక్షణ కణాలు గుర్తుపెట్టుకుని, అది తగిలిన ఒకటి రెండు రోజులకు దాడి చేస్తాయి. అందుకే ఐజీఈ రక్తపరీక్ష దీన్ని తేల్చదు. చేయించాల్సింది ప్యాచ్ టెస్ట్: వీపు మీద అట్టముక్కల్లా అతికించి 48 గంటలకు తీస్తారు, 72 లేదా 96 గంటలకు మళ్లీ చూస్తారు. ఆ రెండు రోజులూ వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. కాబట్టి నాట్ల రోజుల్లో కాకుండా ఖాళీ చూసుకుని వెళ్లండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి, వాటివల్ల ఫలితం తప్పు వస్తుంది.

ఆ ట్యూబు సంగతి. షాపుల్లో ఇచ్చేవాటిలో చాలావాటికి గాఢమైన స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయోటిక్ కూడా కలిపి ఉంటాయి. కనురెప్పల మీద నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, కంటి ఒత్తిడి పెరుగుతుంది. కళ్ల చుట్టూ టాక్రోలిమస్ లాంటి స్టెరాయిడ్ కాని పూత మేలు. ఏటేటా ముదిరే వాళ్లకు అజాథయోప్రిన్ మాత్రలు ఇస్తారు. వారానికి ఒక్కసారే పెద్ద మోతాదు ఇచ్చే పద్ధతిని మన దేశపు వైద్యులే ఈ జబ్బుకు పరీక్షించి చూపారు. అది వాడేటప్పుడు రక్తకణాల లెక్క తప్పనిసరి. భారతీయుల్లో కొందరికి నుడ్ట్15 అనే జన్యువులోని మార్పు వల్ల తెల్లకణాలు దబ్బున పడిపోతాయి.

మొక్కను పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో పీకించాలి. పీకేది మీరు కాదు, ఇంకొకరు. వాళ్లకూ చేతి తొడుగులు ఉండాలి. పంట లేని చోట లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండ వేళ పిచికారీ చేస్తే మాడిపోతుంది. ఎండినదాన్ని తగలబెట్టొద్దు. పొలం నుంచి రాగానే స్నానం చేసి, ఆ బట్టలు విడిగా ఉతికించండి.

మరొక్క సంగతి. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు ఈ మొక్క కుటుంబానివే. దసరా రోజుల్లో ఇంట్లో బతుకమ్మ పేరుస్తుంటే మీకు దురద ఎక్కువైతే అందుకే. తంగేడు, గునుగు వేరే కుటుంబాలవి, వాటితో ఈ గొడవ లేదు.

ప్రశ్న: 200 రకాల తిండి పదార్థాలకు ఐజీజీ పరీక్ష చేయించాను. గోధుమ, పాలు, గుడ్డు, వంకాయ, చింతపండు సహా 41 ‘పడవు’ అని వచ్చింది. గోధుమ మానేశాక కడుపుబ్బరం తగ్గింది. మిగతావీ మానేయాలా? – ఐటీ ఉద్యోగి, హైదరాబాద్

వద్దు. ఐజీజీ అనే యాంటీబాడీ మీరు ఆ పదార్థం తిన్నారన్న ఆనవాలు, పడదన్న రుజువు కాదు. రోజూ తినేవాటికే ఎక్కువ వస్తుంది. చింతపండు లేకుండా పెరిగిన తెలుగువాడికి రిపోర్టులో ఆ గీత పొట్టిగా ఉండేదేమో! అమెరికా, ఐరోపా, కెనడా ఎలర్జీ సంఘాలన్నీ ఈ పరీక్షను చేయించొద్దనే చెప్పాయి.

గోధుమ విషయం వేరు. గోధుమ తింటే రక్షణ వ్యవస్థ సొంత పేగు మీదే దాడిచేసే సీలియాక్ అనే ఆటో ఇమ్యూన్ జబ్బు ఉందేమో చూడాలి. మన దేశంలో ఉత్తరాదిన వందకు ఒకరికి పైగా ఉంటే, దక్షిణాదిన వెయ్యికి ఒకరు. తక్కువే కానీ లేకపోలేదు. దానికి రక్తపరీక్ష టీటీజీ-ఐజీఏ. అది గోధుమ తింటున్నప్పుడే పట్టుబడుతుంది, మానేసి చేయిస్తే లేదనే వస్తుంది. కాబట్టి ఆరు వారాలపాటు రోజూ రెండు మూడు చపాతీలు తిని, ఆ తర్వాత రక్తం ఇవ్వండి. సీలియాక్ లేదని తేలినా గోధుమ తింటే ఉబ్బరం వస్తోందంటే, అది చాలాసార్లు అందులోని ఫ్రక్టాన్ అనే పిండిపదార్థం పేగుల్లో పులియడం వల్ల. దానికి ఇమ్యూన్ వ్యవస్థతో పని లేదు. ఉల్లి, వెల్లుల్లి తిన్నప్పుడూ అలాగే ఉంటుందేమో గమనించండి.

ప్రశ్న: కాఫీ తోటలో తేనెటీగలు కుట్టి మా నాన్నకు ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చాయి. దగ్గర్లో ఉన్నాయన ఎవిల్, స్టెరాయిడ్ ఇంజక్షన్లు చేశారు. దారిలో స్పృహ తప్పారు, పెద్దాసుపత్రిలో వేరే ఇంజక్షన్ చేశాక తేరుకున్నారు. మళ్లీ కుడితే? – పాడేరు ప్రాంతం

ఆ వేరే ఇంజక్షన్ అడ్రినలిన్ అయి ఉండాలి. మొదట చేయాల్సిందీ అదే. ఎవిల్ దురద తగ్గిస్తుంది, పడిపోతున్న బీపీని నిలబెట్టలేదు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికే గంటలు పడుతుంది. అడ్రినలిన్ అంటే గుండె ఆగిపోతుందేమోనని చాలామంది భయపడి చివరికి దాచుకుంటారు. కండలోకి, సరైన మోతాదులో ఇస్తే ఆ భయం అక్కర్లేదు. ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

మన దగ్గర ఆంప్యూల్ 1 మిల్లీలీటరుది, అందులో 1 మిల్లీగ్రాము మందు. పెద్దవాళ్లకు అందులో సగం, అంటే 0.5 మి.లీ. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు 0.3, ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు 0.15. తొడ మధ్యలో బయటి పక్క, సూది నిలువుగా, కండలోకి. అవసరమైతే బట్ట మీదుగానే. నరంలోకి ఎక్కించకూడదు, ఘోరం జరిగేది అప్పుడే. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే ఇంకో తొడకు అదే మోతాదు. మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాలి, ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. తేరుకున్నాడు కదా అని లేపి నడిపిస్తే, నిలబడ్డ ఆ నిమిషంలోనే కుప్పకూలిన వాళ్లున్నారు. కొన్ని గంటలకు తిరగబెట్టవచ్చు కాబట్టి కనీసం ఆరు గంటలు, బీపీ పడిపోయి ఉంటే పన్నెండు గంటలు ఆసుపత్రిలో ఉంచాలి.

తేనెటీగ ముల్లు చర్మంలో వదిలిపోతుంది, విషసంచి దానికే ఉంటుంది. గోటితోనో దేనితోనో, ఎలాగైనా సరే, క్షణాల్లో లాగేయండి. కందిరీగ ముల్లు వదలదు. మీ నాన్నగారిని ఎలర్జీ నిపుణుడికి చూపించి, రెండు ఆంప్యూళ్లు, 1 మి.లీ. సిరంజీలు ఇంట్లో ఉంచుకునేలా చీటీ రాయించుకుని, చేసే విధానం ఇంట్లో ఇద్దరు నేర్చుకోండి. ఆంప్యూల్ వెలుతురు తగలకుండా ఉంచాలి, మందు రంగు మారితే పారేయాలి. ముక్కులో కొట్టే 2 మిల్లీగ్రాముల అడ్రినలిన్ స్ప్రేకి 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చింది. సూదంటే భయపడే పల్లెలకు అది చవగ్గా చేరితే పెద్ద మేలు. అప్పటిదాకా ఆంప్యూలే గతి.

ప్రశ్న: 2025 వైద్య నోబెల్ ఆటో ఇమ్యూన్ జబ్బుల మీద పరిశోధనకే అన్నారు. అసలు కనిపెట్టిందేమిటి? – డిగ్రీ విద్యార్థిని, విశాఖపట్నం

ఊళ్లో కుర్రకారు కర్రలు ఎత్తినప్పుడు ‘చాల్లేరా, దించండి’ అనే పెద్దమనిషి ఉంటాడే, ఒంట్లో అలాంటి కణాలను కనిపెట్టారు. పేరు రెగ్యులేటరీ టి-కణాలు, పొట్టిగా టి-రెగ్. ఇలాంటివి ఉన్నాయంటేనే పరిశోధకులు నవ్వే రోజుల్లో, 1995లో జపాన్‌కు చెందిన షిమోన్ సకాగుచి వాటిని విడదీసి చూపించాడు. అవి లేని ఎలుకల్లో సొంత అవయవాల మీదే దాడి మొదలైంది, తిరిగి ఎక్కిస్తే ఆగింది.

రెండో సగం కథ అమెరికాది. 1940లలో ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ‘స్కర్ఫీ’ అనే ఎలుకల వంశం దానంతటదే పుట్టింది. మగపిల్లలు చర్మం పొలుసులు కట్టి కొద్ది వారాల్లో చనిపోయేవి. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఆ లోపమున్న జన్యువు కోసం ఎక్స్ క్రోమోజోమును జల్లెడ పట్టారు. మిగిలినవి 20 జన్యువులు. ఒక్కొక్కటే చూస్తూ పోతే తప్పున్నది చిట్టచివరి దాంట్లో దొరికింది! అదే ఫాక్స్‌పి3. పుట్టిన కొద్దికాలానికే మధుమేహం, ఎగ్జిమా, ఆగని విరేచనాలతో తీసుకుపోయే ఐపెక్స్ అనే జబ్బుకూ ఇదే జన్యువు కారణమని 2001లో తేల్చారు. సకాగుచి పెద్దమనుషులను తయారుచేసే మీట అదేనని 2003లో రుజువైంది.

దీంతో పుట్టిన మందు ఆసుపత్రిలో ఇంకా లేదు. ఈ కణాలను బయట పెంచి ఎక్కించడం, ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీన్‌ను చిన్న మోతాదుల్లో ఇచ్చి లోపలే పెంచడం ప్రయోగాల్లో ఉన్నాయి. ‘టి-రెగ్ పెంచే’ పొడులు, క్యాప్సూళ్లు అమ్మేవాళ్లు నోబెల్ పేరు వాడుకోవడం మాత్రం ఆలస్యం కాదు, జాగ్రత్త.

ప్రశ్న: నా భార్యకు 29 ఏళ్లు, ఆరేళ్లుగా లూపస్. ‘నా ఒళ్లే నాకు పడట్లేదు’ అంటుంది. కార్-టి అనే చికిత్సతో పూర్తిగా నయమవుతుందని వీడియోలో చూశాం. మాత్రలు ఆపి దానికోసం ఆగవచ్చా? – కరీంనగర్

ఆగవద్దు. ముఖ్యంగా హైడ్రాక్సీక్లోరోక్విన్ ఆపవద్దు. వీడియోలో చూసింది అబద్ధం కాదు గానీ, అది సగమే.

జర్మనీలోని ఎర్లాంగెన్‌లో గియోర్గ్ షెట్ బృందం 2021లో ఏ మందుకూ లొంగని లూపస్ ఉన్న 20 ఏళ్ల యువతికి మొదటిసారి ఇది చేసింది. రోగి రక్తం నుంచి టి-కణాలు వేరుచేసి, బి-కణాల మీద ఉండే సీడీ19 అనే గుర్తును పట్టుకునేలా జన్యువు మార్చి, పెంచి, తిరిగి ఎక్కిస్తారు. అంతకుముందు కొద్దిరోజులు కీమో ఇస్తారు. తప్పుడు యాంటీబాడీలను తయారుచేసే బి-కణాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. మూడు నాలుగు నెలలకు కొత్తవి పుడతాయి, పాత పగ గుర్తులేని కణాలు. 2024లో 15 మంది ఫలితాలు ప్రచురించారు. వాళ్లలో లూపస్ వాళ్లు ఎనిమిది మంది. ఆ ఎనిమిది మందికీ జబ్బు అణిగింది, మాత్రలు ఆగాయి. చాలా గొప్ప సంగతే. కానీ ఎనిమిది మంది, సగటున ఏడాది పైచిలుకు పరిశీలన. పోల్చడానికి వేరే గుంపు లేదు. మన దేశంలో ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో వచ్చిన కార్-టికి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది, అది కొన్ని రక్తక్యాన్సర్లకు. లూపస్‌కు చేస్తామని డబ్బు కట్టమనే చోట ‘ఇది నమోదైన క్లినికల్ ట్రయలా?’ అని అడగండి. ట్రయల్ అయితే మందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోరు.

హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. 50 కిలోల మనిషికి 250. అన్ని బలాల మాత్రలు దొరకవు కాబట్టి డాక్టర్లు ఒకరోజు 200, మర్నాడు 300 అని రాస్తుంటారు, తికమక పడకండి. మొదలుపెట్టిన ఏడాదిలో ఒకసారి, ఐదేళ్లు దాటాక ఏటా రెటీనా పరీక్ష. మీ భార్యకు ఆరేళ్లయింది కనుక ఈ ఏడాదిది అయిందో లేదో చూడండి. గర్భం వచ్చినా ఈ మందు కొనసాగించాలి. ఇంట్లో పెద్దవాళ్లు భయపడి మాన్పిస్తే జబ్బు ఎగదన్నేది అప్పుడే. మూత్రంలో నురుగు, కాళ్ల వాపు కనిపిస్తే ఆ వారమే ప్రొటీన్ పరీక్ష చేయించండి.

ఆడవాళ్లకే ఎందుకని కూడా అడిగారు. లూపస్ రోగుల్లో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే. రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని నోరు మూయించే జిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ, దానికి అతుక్కునే ప్రొటీన్లు కలిసి యాంటీబాడీలను రెచ్చగొడతాయని 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన చూపింది. మగ ఎలుకల్లో దాన్ని పుట్టిస్తే వాటికీ లూపస్ లాంటి జబ్బు ముదిరింది. హార్మోన్లు ఒక్కటే కారణం కాదన్నమాట.

ప్రశ్న: అమ్మకు కీళ్లవాతం, మెథోట్రెక్సేట్ రాశారు. పది రోజులకు నోరంతా పుళ్లు, విరేచనాలు. మందు పడలేదని ఆపేశాం. నాకూ పొద్దున్నే వేళ్లు పట్టేస్తున్నాయి, జబ్బు రాకుండా ఆపే మందు ఏదైనా వచ్చిందా? – విజయవాడ

ముందు అమ్మ సంగతి. ఇవాళే ఆ మందు స్ట్రిప్పు తీసి ఎన్ని మాత్రలు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. పది రోజుల్లో రెండు మోతాదులే అయి ఉండాలి. పది అయి ఉంటే అది పడకపోవడం కాదు, రోజూ వేసుకోవడం! ఈ మందు వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ఎముక మూలుగ ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగి ఉంటే ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తకణాలు, కిడ్నీ, లివర్ పరీక్షలు చేసి లూకోవోరిన్ అనే విరుగుడు ఇస్తారు. చీటీ మీద డాక్టరు రాసిన ‘వారానికి’ అన్న మాట, షాపులో కవరు మీద 1-0-0గా (రోజూ పొద్దున ఒకటి) మారిపోవడం మామూలుగా జరిగే పొరపాటు.

రెండే మోతాదులు అయి ఉంటే, మళ్లీ మొదలుపెట్టే దారులున్నాయి: మోతాదు తగ్గించడం, చర్మం కిందికి ఇంజక్షన్‌గా ఇవ్వడం, ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు వేరే రోజున వేయడం. వారంలో తప్పకుండా గుర్తుండే రోజు ఎంచుకోండి, గురువారం బాబా గుడికి వెళ్లే అలవాటుంటే అదే రోజు. క్యాలెండర్‌లో టిక్కు పెట్టి, మాత్ర మీరే తీసి ఇవ్వండి. మూత్రంలో మంటకనో జ్వరానికనో ఎవరైనా సెప్ట్రాన్ రాస్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నామని చెప్పండి, ఆ రెండూ కలిస్తే విషం. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తపరీక్ష. రేపు కీళ్లవాతానికే బయోలాజికల్స్ గానీ టోఫాసిటినిబ్ గానీ (రక్షణ వ్యవస్థను అణిచే బలమైన మందులు) రాస్తే ముందు టీబీ పరీక్ష తప్పనిసరి. మన దేశంలో ఊపిరితిత్తుల్లో నిద్రపోయే టీబీ ఎక్కువ, ఈ మందులు దాన్ని లేపుతాయి.

ఇక మీ సంగతి. పొద్దున్న పట్టేయడం గంటకు పైగా ఉంటోందా? చేతివేళ్ల మొదటి కణుపులు వాచాయా? కీళ్లవాతపు యాంటీబాడీని పట్టే యాంటీ-సీసీపీ రక్తపరీక్ష చేయించండి. అది పాజిటివ్ అయి, నొప్పులుండి, వాపు ఇంకా మొదలుకాని వాళ్లకు అబాటాసెప్ట్ అనే మందును ఏడాదిపాటు ఇచ్చి చూసిన బ్రిటన్, నెదర్లాండ్స్ ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. 213 మందిలో ఏడాది చివరికి మందు తీసుకున్నవాళ్లలో 6 శాతానికి, తీసుకోని వాళ్లలో 29 శాతానికి జబ్బు వచ్చింది. మందు ఆపిన మరో ఏడాదికి 25, 37 అయ్యాయి. అంటే వాయిదా పడింది, తప్పిపోలేదు. టైప్-1 మధుమేహంలోనూ టెప్లిజుమాబ్ అనే మందు ఇలాగే రెండేళ్లు వాయిదా వేసింది, దానికి 2022 నవంబరులో అమెరికాలో అనుమతి ఇచ్చారు. అబాటాసెప్ట్ ముందుజాగ్రత్తగా ఇచ్చే రోజు ఇంకా రాలేదు. మీ చేతిలో ఉన్నవి పొగ దగ్గరికి పోకపోవడం, చిగుళ్ల జబ్బు ఉంటే బాగుచేయించుకోవడం, వాపు కనిపించిన మొదటి నెలల్లోనే వైద్యం మొదలుపెట్టడం.

ప్రశ్న: నీరసంగా ఉందని హెల్త్ ప్యాకేజీ చేయిస్తే ఏఎన్‌ఏ 1:80 పాజిటివ్ అని వచ్చింది. నాకు లూపస్ వచ్చినట్టేనా? – 34 ఏళ్ల గృహిణి, నెల్లూరు

కాదు. ఏఎన్‌ఏ అంటే సొంత కణాల మీదే తయారైన యాంటీబాడీల పరీక్ష, 1:80 అంటే రక్తాన్ని అంత పలచన చేసినా అవి కనిపించాయని. ఏ జబ్బూ లేని వందమందిలో పదమూడు మందికి 1:80 దగ్గర పాజిటివ్ వస్తుంది, 1:160 దగ్గర కూడా ఐదుగురికి. థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) చూపించుకోండి, మీ నీరసం అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. ఎండకు బుగ్గలు, ముక్కు మీద ఎర్రమచ్చ, కీళ్ల వాపు, నోట్లో నొప్పిలేని పుండ్లు, కుచ్చులుగా జుట్టు రాలడం, మూత్రంలో ప్రొటీన్ ఇవేవీ లేకపోతే ఆ కాగితం ఫైల్లో పెట్టేయండి. ఆరు నెలలకోసారి ఏఎన్‌ఏ మళ్లీ చేయించి 1:80 కాస్తా 1:160 అయిందా అని చూసుకోవడం డబ్బు దండగ. ఆ అంకె మారినా దాన్నిబట్టి చేసే వైద్యమేదీ లేదు.